టైగర్‌మిల్క్ ఆల్బమ్ పిచ్చి పట్టుకుంది, ఇక్కడ ఇంకెవరైనా ఉన్నారా?

రాత్రి_రేడియో | హైదరాబాద్

ఈ సెక్షన్‌లో రెహమాన్ గొప్పా ఇళయరాజా గొప్పా అన్న యుద్ధమే ఎప్పుడూ నడుస్తుంటుంది కాబట్టి ఈ థ్రెడ్ ఎవరూ తెరవకపోయినా ఫీలవ్వను. కానీ ఎవరికో ఒకరికి చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు. బెల్ అండ్ సెబాస్టియన్ అని స్కాట్లాండ్‌లోని గ్లాస్గో బ్యాండ్. వాళ్ళ మొట్టమొదటి ఆల్బమ్ టైగర్‌మిల్క్, 1996లో వచ్చింది. మొత్తం పది పాటలు. ప్రస్తుతం నా బతుకు ఆ పది పాటల మీదే నడుస్తోంది.

ఎలా దొరికిందంటే, జూనో సినిమా ఉంది కదా 2007ది, అందులో ఎక్స్‌పెక్టేషన్స్ అని ఒక పాట వస్తుంది, అది ఎప్పట్నుంచో నా ప్లేలిస్ట్‌లో పడి ఉంది, ఎవరు పాడారో కూడా పట్టించుకోలేదు, మొన్న నైట్ షిఫ్ట్‌లో టికెట్లేవీ రాక ఖాళీగా కూర్చుని అసలు ఇది ఏ ఆల్బమ్‌లోది అని నొక్కితే మొత్తం ఆల్బమ్ మొదలైపోయింది. మొదటి పాట ద స్టేట్ ఐ యామ్ ఇన్. ఒక గొంతు, ఒక గిటార్, అంతే. అంత మెల్లగా పాడుతున్నాడు, వాల్యూమ్ పెంచుకోవాల్సి వచ్చింది. తర్వాత ఒక్కొక్కరే వచ్చి చేరతారు. డ్రమ్స్ ఎప్పుడు మొదలయ్యాయో గమనించనే లేదు, పాట అయ్యేసరికి గది నిండా మనుషులు.

ఇక ఆ మాటలు. అక్క పెళ్ళిరోజున తమ్ముడు లేచి నిలబడి నేను గేనని అందరి ముందూ చెప్తాడు, హీరోకి అదొక రిలీఫ్, ఎందుకంటే కాసేపైనా ఇంట్లోవాళ్ళ చూపు తన మీద నుంచి పక్కకి పోయింది. దేశం నుంచి పంపించేస్తారని భయపడుతున్న ఒకమ్మాయిని కాపాడటానికి హడావుడిగా పెళ్ళి చేసుకుంటాడు. చివరికి మార్క్స్ అండ్ స్పెన్సర్ షాపులో టేబుళ్ళు తిప్పుకుంటూ రోజులు గడుపుతాడు. ఇదంతా ఒక్క పాటలో! నవ్వాలో ఏడవాలో తెలీదు, రెండూ చేశాను.

మీలో ఈ ఆల్బమ్ తెలిసినవాళ్ళు ఉంటే చెప్పండి, మీకెలా దొరికింది?


సీమ_చిన్నోడు | అనంతపురం

నువ్వు ఇంత చెప్తాండావని విన్యా. ఏమప్పా ఇది, జలుబు చేసినోడు లైబ్రరీలో కూర్చోని పాడినట్ల ఉండాది. గొంతు లేదు, బీట్ లేదు. మూడో పాటకి ఆపేసినా.


ఓరుగల్లు_పోరడు | వరంగల్

నేను గూడ మొదటి పాట సగంల ఆపేసిన. మల్ల బస్సుల పోతాంటే ఇంకోసారి పెట్టిన, ఈసారి మంచిగ అనిపిచ్చింది ఎందుకో. అన్నా ఒక డౌటు, కవర్ మీద గా అమ్మాయి ఏం చేస్తుంది? బొమ్మ పులికి పాలిస్తుందా?


రాత్రి_రేడియో | హైదరాబాద్

@ఓరుగల్లు_పోరడు అవును తమ్ముడూ, అందుకే పేరు టైగర్‌మిల్క్ 😄 ఆ ఫొటో తీసింది కూడా పాడినతనే, స్టువర్ట్ మర్డాక్. తర్వాత వచ్చిన ఆల్బమ్‌ల కవర్లు కూడా చాలావరకు ఇంతే, ఒక ఫొటో, దానికి ఒకే రంగు అద్దడం. వరుసగా పెట్టి చూస్తే ఎవరి ఆల్బమో పేరు చదవకుండానే తెలిసిపోతుంది.

@సీమ_చిన్నోడు నీ కామెంట్ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నా బ్రో. అయినా మూడో పాట దగ్గర ఆపావంటే ఎక్స్‌పెక్టేషన్స్ వినేశావన్నమాట. అది కూడా నచ్చలేదా నిజంగా?


లక్ష్మీ_ఎల్పీ | న్యూజెర్సీ

ఈ థ్రెడ్ చూసి లాగిన్ అయ్యాను, పాస్‌వర్డ్ కూడా మర్చిపోయి రీసెట్ చేసుకున్నాను. నాయనా రేడియో, నువ్వు పుట్టావో లేదో అప్పటికి, నేను ఎమ్మెస్ చేయడానికి ఇక్కడికొచ్చిన కొత్తలో నా రూమ్మేట్ దగ్గర ఈ ఆల్బమ్ క్యాసెట్ ఉండేది. ఒరిజినల్ క్యాసెట్ కాదు. ఎవరో ఎల్పీ నుంచి ఎక్కించుకుంటే, దాని నుంచి ఇంకొకరు, వాళ్ళ నుంచి ఇంకొకరు. పాటల కంటే గరగర ఎక్కువ. అప్పట్లో ఈ ఆల్బమ్ వినాలంటే అదొక్కటే దారి, ఎందుకో చెప్తాను.

మర్డాక్, స్టువర్ట్ డేవిడ్ అని ఇంకో కుర్రాడు, వీళ్ళిద్దరూ కలిసింది బీట్‌బాక్స్ అనే చోట. ఉద్యోగం లేని మ్యుజీషియన్ల కోసం గ్లాస్గోలో ప్రభుత్వ డబ్బుతో నడిచిన ట్రైనింగ్ స్కీమ్ అది. అక్కడ కొన్ని డెమోలు చేసుకున్నారు. అదే ఊళ్ళో స్టో కాలేజ్ అని ఉండేది, అందులో మ్యూజిక్ బిజినెస్ కోర్సు. ఆ కోర్సు విద్యార్థులే ఎలక్ట్రిక్ హనీ అనే రికార్డ్ లేబుల్ నడిపేవాళ్ళు, ఏటా ఒక బ్యాండ్‌ని ఎంచుకుని ఒక సింగిల్ వేసేవాళ్ళు. వాళ్ళకి పాఠాలు చెప్పినాయన అలన్ రాంకిన్, 80ల్లో ద అసోసియేట్స్ అనే గ్రూప్‌లో వాయించినవాడు. ఈ డెమోలు వాళ్ళ చేతికి వచ్చాయి. మర్డాక్ దగ్గర పాటలు ఒకటీ రెండూ కాదు, కుప్పలున్నాయి. సింగిల్ ఏంటి, ఆల్బమే వేద్దామన్నారు. అప్పటికి సరైన బ్యాండ్ కూడా లేదు, ఆ ఆల్బమ్ కోసమే మనుషుల్ని పోగేశారు. కొద్ది రోజుల్లోనే రికార్డింగ్ అయిపోయింది, వారం కూడా పట్టలేదు.

1996 జూన్‌లో వెయ్యి కాపీలు వేశారు. వినైల్ మాత్రమే. సీడీ లేదు, క్యాసెట్ లేదు. అవి అయిపోయాక మళ్ళీ వేయలేదు. ఈలోపు రెండో ఆల్బమ్ జీప్‌స్టర్ అనే లండన్ లేబుల్ నుంచి అదే ఏడాది నవంబర్‌లో వచ్చేసింది, జనం పిచ్చెక్కిపోయారు, మరి మొదటిదేదీ అని వెతికితే దొరకదు. సెకండ్ హ్యాండ్‌లో ఒక్కో కాపీ వందల పౌండ్లు పలికింది. 1999లో జీప్‌స్టర్ వాళ్ళు మళ్ళీ విడుదల చేసేదాకా మా బోటివాళ్ళందరికీ ఆ గరగర క్యాసెట్టే గతి. సీడీ కొని మొదటిసారి శుభ్రంగా విన్నప్పుడు, ఇదేంటి ఇందులో చెల్లో కూడా ఉందా అనుకున్నాను!


ఓరుగల్లు_పోరడు | వరంగల్

అంటే ఇది కాలేజ్ ప్రాజెక్టా?? అక్కా మేము ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్ అమీర్‌పేట్‌ల కొనుక్కొచ్చి సీడీ మీద పేరు మార్చి ఇచ్చినం. వీళ్ళు ఇది జేసిన్రు. సిగ్గయితుంది.


గచ్చిబౌలి_గిటార్ | హైదరాబాద్

ఓరుగల్లు 😂😂 మా బ్యాచ్‌లో లైబ్రరీ మేనేజ్‌మెంట్ సిస్టమే మూడు టీములు కొనుక్కొచ్చాయి, ఒకే షాపులో.

ఆ ఎలక్ట్రిక్ హనీ చరిత్ర ఇంకా ఉంది. టైగర్‌మిల్క్ తర్వాత వాళ్ళే స్నో పెట్రోల్ అనే బ్యాండ్ మొదటి రికార్డ్ వేశారు, అప్పుడు ఆ బ్యాండ్ పేరు పోలార్‌బేర్. 2000లో బిఫీ క్లైరో అనే బ్యాండ్‌ది వేశారు. రెండూ తర్వాత పెద్ద బ్యాండ్‌లయ్యాయి. విద్యార్థులు నడిపే లేబుల్‌కి ఈ రికార్డ్ మామూలుది కాదు.

సరే సౌండ్ గురించి మాట్లాడుకుందాం, నాకు కథల కంటే అదే ఇష్టం. @సీమ_చిన్నోడు బీట్ లేదంటున్నావు, యూ ఆర్ జస్ట్ ఎ బేబీ పెట్టు, నాలుగోది, నువ్వు సరిగ్గా దాని ముందే ఆపేశావు. పక్కా 60ల గిటార్ పాప్, కాలు ఊపకుండా వినలేవు. ఈ ఆల్బమ్‌లో ఎవరూ వేగంగా వాయించరు, ఎవరూ సోలోతో షో చేయరు. స్టీవీ జాక్సన్ గిటార్ చూడండి, పాడేవాడు ఊపిరి తీసుకునే సందులో రెండు మూడు నోట్లు పెట్టి తప్పుకుంటాడు. ఇసొబెల్ క్యాంప్‌బెల్ చెల్లో కూడా అంతే. ఎక్స్‌పెక్టేషన్స్‌లో ట్రంపెట్ వచ్చే చోటు వినండి, పాట అప్పటిదాకా తలొంచుకుని నడుస్తుంటుంది, ట్రంపెట్ రాగానే తలెత్తుతుంది. అది వాయించిన మిక్ కుక్ అప్పటికి బ్యాండ్ మెంబర్ కూడా కాదు, వచ్చి వాయించి వెళ్ళాడు.

ఒకే గదిలో అందరూ కూర్చుని వాయించినట్టు వినిపిస్తుంది. అక్కడక్కడా తడబాట్లున్నాయి, టెంపో కొంచెం పరిగెడుతుంది, ఎవరూ సరిదిద్దలేదు. ఇప్పుడు మేము చేసే రికార్డింగుల్లో ప్రతి బీట్‌నీ గ్రిడ్‌కి అతికిస్తాం, గొంతుకి ట్యూనింగ్ కొడతాం, చివరికి వింటే ఎవరు వాయించారో తెలీదు.

కానీ ఒక్క మాట. ఎలక్ట్రానిక్ రినైసాన్స్ మాత్రం నా వల్ల కాదు. మధ్యలో ఆ కీబోర్డ్ డప్పు ఏంటి? ప్రతిసారీ స్కిప్పే.


రాత్రి_రేడియో | హైదరాబాద్

ఏయ్ ఎలక్ట్రానిక్ రినైసాన్స్‌ని ఏమీ అనొద్దు.


లక్ష్మీ_ఎల్పీ | న్యూజెర్సీ

@గచ్చిబౌలి_గిటార్ బాబూ, ఆ పాట తీసేస్తే ఆల్బమ్ మరీ మెత్తగా అయిపోతుంది. నాలుగు గిటార్ పాటలయ్యాక ఉన్నట్టుండి ఆ చవక సింథ్ మోగుతుంటే, న్యూ ఆర్డర్ లాంటి సింథ్ బ్యాండ్‌లు వింటూ పెరిగిన పిల్లాడు బెడ్రూంలో ఒక్కడే డాన్స్ చేస్తున్నట్టుంటుంది. క్యాసెట్ కాపీలో అయితే నిజంగా పక్కింటి గోడ అవతల నుంచి వినిపించేది. నాకు అలా వింటేనే ఇష్టం.


గచ్చిబౌలి_గిటార్ | హైదరాబాద్

గోడ అవతలే ఉండనివ్వండి మేడమ్ దాన్ని 😀


కెల్విన్_ఒడ్డున | గ్లాస్గో

హాయ్ అందరికీ. నేనిక్కడ మాస్టర్స్ చేస్తున్నాను, థ్రెడ్ టైటిల్ చూసి ఎగిరి గంతేశాను. ఇక్కడ తెలుగోళ్ళం బానే ఉన్నాం, యూనివర్సిటీ ఆఫ్ గ్లాస్గోలో, స్ట్రాత్‌క్లైడ్‌లో, వారాంతం వస్తే ఎవరో ఒకరింట్లో బిర్యానీ గ్యారంటీ. కానీ ఈ బ్యాండ్ గురించి మాట్లాడేవాళ్ళు మాత్రం మా గుంపులో ఒక్కరూ లేరు.

మీకొకటి చెప్తాను. ఈ ఆల్బమ్ లోపల చిన్న కథ ప్రింట్ చేసి ఉంటుంది, సెబాస్టియన్, ఇజబెల్ అనే ఇద్దరు ఎలా కలిశారు అని. వాళ్ళు కలిసేది హిల్‌హెడ్ సబ్‌వే స్టేషన్ బయట. నేను రోజూ దిగే స్టేషన్ అది! గ్లాస్గో సబ్‌వే అంటే పెద్ద మెట్రో ఊహించుకోకండి, పదిహేను స్టేషన్లు, ఒక గుండ్రటి లైను, బుల్లి రైళ్ళు, పొడుగువాళ్ళు తల వంచుకుని ఎక్కాలి. 1896లో మొదలైంది, అంటే టైగర్‌మిల్క్‌కి సరిగ్గా వందేళ్ళ ముందు. హిల్‌హెడ్‌లో బయటికి వస్తే బైర్స్ రోడ్, కాఫీ షాపులు, పాత పుస్తకాల షాపులు, స్టూడెంట్లు, వాన. అక్కడి నుంచి నడిస్తే హిండ్‌లాండ్. మర్డాక్ అక్కడి చర్చి హాల్‌కి కేర్‌టేకర్‌గా ఉండి ఆ హాల్ పైనే ఏళ్ళ తరబడి కాపురమున్నాడు. రాక్ స్టార్ ఇల్లు చూద్దామని వెళ్తే అది చర్చి హాల్ 🙂

స్టో కాలేజ్ అయితే ఇప్పుడు ఆ పేరుతో లేదు, 2013లో ఇంకో రెండు కాలేజీలతో కలిపి గ్లాస్గో కెల్విన్ కాలేజ్ చేశారు. పాత బిల్డింగ్ గ్లాస్గో స్కూల్ ఆఫ్ ఆర్ట్ వాళ్ళు తీసుకున్నారు. బయట నిలబడి ఫొటో తీసుకుంటుంటే ఇక్కడేముందని తీస్తోంది ఈ పిల్ల అన్నట్టు చూశారు ఒకాయన.

ఇంకా బ్యాండ్ పేరు ఎక్కడిదంటే, బెల్ ఎ సెబాస్టియన్ అని ఫ్రెంచ్ పిల్లల కథ, సెసిల్ ఒబ్రీ రాసింది, టీవీ సీరియల్ కూడా వచ్చింది. అందులో బెల్ అంటే కుక్క. మర్డాక్ తన కథలో కుక్కని తీసేసి అమ్మాయిని పెట్టాడు.


విజయనగరం_వీణ | విజయనగరం

ఇంత మాట్లాడుకుంటున్నారు, ఎవరూ అసలు విషయానికి రాలేదేటి? మొదటి పాటకీ చివరి పాటకీ ఉన్న ముడి చూశారా?

ద స్టేట్ ఐ యామ్ ఇన్‌లో మనవాడు చర్చికెళ్ళి తన పాపాలన్నీ ఫాదర్‌కి చెప్పుకుంటాడు కదా. ఆ ఫాదర్ ఏం చేస్తాడు? అవన్నీ కలిపి ఒక పాకెట్ నవల రాసి అచ్చేయించేస్తాడు! నవల పేరు కూడా పాట పేరే. సరే జోకు అనుకుని నవ్వుకుంటాం, వదిలేస్తాం. పదో పాట మేరీ జో. ఒంటరిగా కూర్చుని టీ తాగుతున్న ఒకావిడ. ఆవిడ చేతిలో పుస్తకం ఉంటుంది. ఏ పుస్తకం అది? అదే నవల.

నాకు అది తట్టిన రోజు పాట ఆపి లేచి అటూ ఇటూ తిరిగాను. ఒకడు సిగ్గుపడుతూ చెప్పుకున్న రహస్యాలు, నమ్మినవాడు మోసం చేసి అచ్చేస్తే, ఎక్కడో ముక్కూమొహం తెలియని ఇంకో ఒంటరి మనిషికి తోడయ్యాయి. అతనికి ఆ సంగతి తెలీదు, ఆమెకీ అతనెవరో తెలీదు. వెయ్యి కాపీలు వేసి, ఎవరు వింటారో కూడా తెలియని ఆల్బమ్‌లో ఈ కథ పెట్టాడు చూడండి.

గొంతు గురించి కూడా చెప్తాను, నేను చిన్నప్పట్నుంచి కర్ణాటక సంగీతం నేర్చుకున్నదాన్నే. గొంతు లేదన్న మాట ఒప్పుకోను. స్వరాన్ని పట్టుకుని నిలబెట్టడు, నిజమే. మాటని తాకి వదిలేస్తాడు. మన రేడియోలో లలిత సంగీతం వినేవాళ్ళం గుర్తుందా, అక్కడ పాడేవాళ్ళు విద్వత్తు అంతా ఉండీ దాచుకునేవారు, సాహిత్యం వినపడాలని. అలాంటి మర్యాద ఉంది ఇతని దగ్గర. ప్రతి అక్షరం వినిపిస్తుంది, స్కాటిష్ యాస తెలియని నాకే వినిపించింది.


రాత్రి_రేడియో | హైదరాబాద్

వీణ గారూ!!! ఇన్నిసార్లు విన్నాను, నాకు తట్టనే లేదు. ఇప్పుడే మేరీ జో మళ్ళీ పెట్టా. చివర్లో ఆ ఫ్లూట్ వస్తుంటే... సరే నేను కాసేపు రాయను.


ఓరుగల్లు_పోరడు | వరంగల్

గూస్‌బంప్స్ వచ్చినయ్ మేడమ్. గా ఫాదర్ మాత్రం పక్కా యూట్యూబ్ ఛానెల్ పెట్టే టైపు.


గచ్చిబౌలి_గిటార్ | హైదరాబాద్

బాగుంది, ఒప్పుకుంటున్నా. కానీ నాకొక అనుమానం, కోప్పడకండి. వెయ్యి కాపీలు, కాలేజ్ ప్రాజెక్ట్, చర్చి హాల్, దొరకని రికార్డ్, ఈ కథంతా తెలీకపోతే మనకిది ఇంత నచ్చేదా? ఫొటోలు దిగేవాళ్ళు కాదట, పత్రికలు అడిగితే వేరేవాళ్ళ ఫొటోలు పంపేవాళ్ళట. ఇంటర్వ్యూలు తక్కువ. ఆ గుట్టు కూడా ఒకరకమైన పబ్లిసిటీయే కదా. 1996 అంటే అక్కడ బ్రిట్‌పాప్, అంటే బ్రిటిష్ గిటార్ బ్యాండ్‌ల హోరు, దాని రాజ్యం, ఒయాసిస్ వాళ్ళు నెబ్‌వర్త్‌లో లక్షల మంది ముందు వాయించిన ఏడాది. దానికి విసిగిపోయినవాళ్ళకి ఇలా గొణుక్కునే బ్యాండ్ కావాలి, దొరికింది.


రాత్రి_రేడియో | హైదరాబాద్

@గచ్చిబౌలి_గిటార్ బ్రో నా పోస్ట్ పైకి వెళ్ళి చదువు. ఈ కథల్లో ఒక్కటీ తెలీకముందే నాకు నచ్చింది. లక్ష్మి గారు చెప్పేదాకా అది కాలేజ్ వాళ్ళు వేశారని కూడా తెలీదు నాకు.


గచ్చిబౌలి_గిటార్ | హైదరాబాద్

నువ్వొక్కడివి సరే. 1999లో ఈబే మీద పడి కొన్నవాళ్ళ సంగతి?


లక్ష్మీ_ఎల్పీ | న్యూజెర్సీ

నా మీదకే వస్తున్నావా నాయనా 🙂 దొరకని వస్తువు మీద మోజు ఎక్కువే, కాదనను. కానీ మోజు దొరికేదాకానే. దొరికాక పాతికేళ్ళు వినాలంటే లోపల పాటలుండాలి. అప్పట్లో నేను వెతికి వెతికి సంపాదించిన అరుదైన రికార్డులు చాలానే ఉన్నాయి, ఇప్పుడు అటకమీద. ఇదొక్కటే ప్లేయర్ పక్కన ఉంటుంది.

పబ్లిసిటీ అన్నావు కాబట్టి ఒక సరదా సంగతి. 1999లో బ్రిట్ అవార్డుల్లో, అంటే బ్రిటన్ మ్యూజిక్ అవార్డుల్లో, వీళ్ళకి బెస్ట్ న్యూకమర్ వచ్చింది. అప్పటికి మూడు ఆల్బమ్‌లు వేశారు, అయినా కొత్తవాళ్ళే! బీబీసీ రేడియో 1 శ్రోతల ఓట్లతో ఇచ్చే అవార్డు అది, ఇంటర్నెట్‌లో కూడా ఓటేయొచ్చు. స్టెప్స్ అనే పెద్ద పాప్ గ్రూప్‌కే వస్తుందని అందరూ అనుకున్నారు. వీళ్ళ అభిమానులు యూనివర్సిటీ కంప్యూటర్ల ముందు కూర్చుని గుద్దేశారు. స్టెప్స్ వైపు వాళ్ళు రిగ్గింగ్ రిగ్గింగ్ అని గోల. స్టేజి మీదికి మర్డాక్ రానేలేదు, డ్రమ్మర్ రిచర్డ్ కోల్‌బర్న్, మిక్ కుక్ వెళ్ళి తీసుకున్నారు. ఎవరు వీళ్ళు అని టీవీ ముందు సగం దేశం.


ఓరుగల్లు_పోరడు | వరంగల్

రిగ్గింగ్ అంటే మనకు కొత్తనా అక్కా 😂


పీలేరు_పిల్ల | తిరుపతి

చాలా రోజులుగా ఈ ఫోరంలో చదవడమే గానీ రాసింది లేదు. గిటార్ అన్న అడిగిన ప్రశ్నకి నా సమాధానం రాయాలనిపించింది, పెద్దదైతే క్షమించండి.

నాకు కోవిడ్ వచ్చి తగ్గినాక అలసట తగ్గలేదు. మెట్లెక్కితే రెండు రోజులు మంచం మీదనే. టెస్టులన్నీ నార్మల్. డాక్టరేమో టెన్షన్ తగ్గించుకోమ్మా అంటాడు, ఇంట్లోవాళ్ళు నలుగురిలో తిరిగితే అదే పోతుందంటారు, ఉద్యోగం మానేస్తి, పెళ్ళి మాటలు వచ్చినప్పుడు ఈ సంగతి చెప్పొద్దంటారు. ఆ టైంలో నా కజిన్ ఈ ఆల్బమ్ పంపించింది. కథేం చెప్పలేదు, ఊరికే విను అనింది.

నాకు ఐ కుడ్ బి డ్రీమింగ్ అనే పాట పట్టుకునింది. దాని చివర్లో సంగీతం మోగుతానే ఉంటుంది, దాని కింద ఒక అమ్మాయి ఏదో పుస్తకం చదువుతా ఉంటుంది, మెల్లగా. వెతికితే అది రిప్ వాన్ వింకిల్ అని తెలిసింది, అదే, కొండమీద నిద్రపోయి ఇరవై ఏళ్ళ తర్వాత లేచి ఊళ్ళోకి వస్తే ఎవరూ గుర్తుపట్టరే, ఆ అమెరికన్ కథ. ఎందుకు పెట్టినారబ్బా అనుకుంటి.

తర్వాత చదివితే తెలిసింది, మర్డాక్‌కి చదువుకునే వయసులో ఎంఈ వచ్చింది. క్రానిక్ ఫటీగ్ సిండ్రోమ్ అని కూడా అంటారు. దాదాపు ఏడేళ్ళు. పని లేదు, చదువు ఆగిపోయింది, స్నేహితులంతా ముందుకెళ్ళిపోయినారు. ఇంట్లో పియానో ముందర కూర్చుని పాటలు కట్టుకోవడం మొదలుపెట్టింది అప్పుడే. ఆ పాటలే ఈ ఆల్బమ్. అంటే నిద్రపోయి లేచినవాడి కథ ఎవరు పెట్టినారో ఎందుకు పెట్టినారో నాకు అప్పుడు అర్థమైంది. అది నా ఊహే, ఆయన ఎక్కడా అట్లా చెప్పినాడని నేను అనడం లేదు.

అన్నా, కథ తెలియక ముందే ఆ పాట నాకు నచ్చింది. కథ తెలిసినాక ఎందుకు నచ్చిందో తెలిసింది. రెండూ వేరే వేరే. ఈ ఆల్బమ్ మెత్తగా ఉందని, బలం లేదని అంటారు కదా, బలం లేనివాళ్ళం గట్టిగా ఉండే పాటలు వినలేం. హెడ్‌ఫోన్స్‌లో డ్రమ్స్ గట్టిగా కొడితే నాకు తలనొప్పి వచ్చేది. ఇది మాత్రం వినగలిగినా.

ఇప్పుడు కొంచెం మేలు. వర్క్ ఫ్రమ్ హోమ్ పార్ట్ టైం చేస్తాండాను.


గచ్చిబౌలి_గిటార్ | హైదరాబాద్

@పీలేరు_పిల్ల దీనికి నా దగ్గర వాదన లేదమ్మా. ఆ పాట చివరి భాగం ఇప్పుడే పెట్టుకుని విన్నా, అక్కడ బ్యాండ్ ఊరికే ఒకే చోట తిరుగుతోందని నాకు ఎప్పుడూ కంప్లయింట్ ఉండేది.


విజయనగరం_వీణ | విజయనగరం

పీలేరు అమ్మాయ్, ఆరోగ్యం జాగ్రత్త. ఆయన 2015 ఆల్బమ్‌లో నోబడీస్ ఎంపైర్ అనే పాట ఉంది, ఆ జబ్బు రోజుల గురించే. విన్నావా? ఓపిక ఉన్నప్పుడు విను, తొందరేం లేదు.


పీలేరు_పిల్ల | తిరుపతి

విన్నాను మేడమ్. అది ఒక్కసారే విన్నా, మళ్ళీ పెట్టే ధైర్యం రాలేదు. టైగర్‌మిల్క్ అయితే ఎప్పుడైనా వింటా, అందులో ఏడుపు పైకి కనపడదు.


కెల్విన్_ఒడ్డున | గ్లాస్గో

నాకైతే వీ రూల్ ద స్కూల్. ఆ పియానో, ఆ తంత్రులు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని వింటే దిగాల్సిన స్టాప్ దాటిపోతుంది, ఆల్రెడీ జరిగింది. మై వాండరింగ్ డేస్ ఆర్ ఓవర్ కూడా, అందులో వాళ్ళ బ్యాండ్ ఎలా పుట్టిందో వాళ్ళే పాడుకుంటారు, సెబాస్టియన్, బెల్ పేర్లతో సహా. మొదటి ఆల్బమ్‌లోనే సొంత చరిత్ర రాసేసుకున్నారు, ఆ కాన్ఫిడెన్స్ చూడండి! పైకి సిగ్గరుల్లా కనపడతారు గానీ లోపల మాత్రం మేమేదో పెద్ద పని చేస్తున్నామని గట్టిగా తెలుసు వీళ్ళకి.


ఓరుగల్లు_పోరడు | వరంగల్

ఐ డోంట్ లవ్ ఎనీవన్ గురించి ఎవ్వలు మాట్లాడ్తలేరేంది? నాకు గదే ఫస్ట్. ఎవ్వర్నీ ప్రేమించను అని ముక్కు మీద కోపంతోని మొదలువెడ్తడు, తర్వాత మెల్లగ మా అక్కనైతే ఏమో అంటడు, మా తమ్మున్ని గూడ ఏమో అంటడు. గంతే, ఇజ్జత్ మొత్తం పాయె 😄 మా హాస్టల్ల బ్రేకప్ అయిన ప్రతోనికి ఈ పాట పంపుతున్న.


మోడ్_మూర్తి | మోడరేటర్

థ్రెడ్ చదువుతూ నేనూ ఆల్బమ్ పూర్తిచేశాను, మంచి చర్చ. రెండు విషయాలు. ఒకటి, డౌన్‌లోడ్ లింకులు పెట్టిన కామెంట్లు తీసేశాను, స్ట్రీమింగ్ యాప్‌లలో అంతా ఉంది, అక్కడ వినండి. రెండు, ఒయాసిస్ మీద నలుగురు మొదలుపెట్టిన గొడవని బ్రిట్‌పాప్ థ్రెడ్‌లోకి మార్చాను, అక్కడ కొట్టుకోండి.


రాత్రి_రేడియో | హైదరాబాద్

థాంక్స్ మూర్తి గారూ. ఇప్పుడు నా ప్రశ్న, తర్వాత ఏం వినాలి? అందరూ రెండో ఆల్బమ్ ఇఫ్ యు ఆర్ ఫీలింగ్ సినిస్టర్ గొప్పదంటున్నారు. నాకేమో భయం, ఇది పాతబడిపోతుందేమోనని.


లక్ష్మీ_ఎల్పీ | న్యూజెర్సీ

సినిస్టర్ వినాల్సిందే, పాటకి పాట తూచి చూస్తే అదే గొప్ప ఆల్బమ్. నేను ఎక్కువసార్లు వినేది మాత్రం ఇదే. ముందు డాగ్ ఆన్ వీల్స్ ఈపీ విను, 1997ది, నాలుగే పాటలు. బ్యాండ్ తయారు కాకముందు చేసిన డెమోలు అవి. ద స్టేట్ ఐ యామ్ ఇన్ పాత వెర్షన్ అందులో ఉంది.


గచ్చిబౌలి_గిటార్ | హైదరాబాద్

ఆ డెమో వెర్షనే బెటర్ అనేవాళ్ళు కొందరున్నారు, వాళ్ళ మాట వినకు. బ్యాండ్ ఒక్కొక్కరే వచ్చి చేరడం, నువ్వు మొదటి పోస్ట్‌లో రాసింది, అది టైగర్‌మిల్క్ వెర్షన్‌లోనే కుదిరింది.


విజయనగరం_వీణ | విజయనగరం

ఆ కొందరిలో నేనున్నాను బాబూ. డెమోలో ఇంకా భయంగా పాడతాడు, ఆ కథకి అదే సరి.


గచ్చిబౌలి_గిటార్ | హైదరాబాద్

భయమా అది, మైక్ దూరంగా పెట్టారంతే 🙂


సీమ_చిన్నోడు | అనంతపురం

ఇంకా నడస్తాండాదా ఈ థ్రెడ్? సరే, మీరంతా ఇంత చెప్పినారని మళ్ళీ మొత్తం విన్యా, పదీ. మీ ఫాదరు, నవల, నిద్రపోయినోడు అన్నీ పట్టుకున్యా. కథలు బాగుండాయి, గొంతు మాత్రం నాకు ఎక్కలేదు, ఎక్కదు కూడా. ఎక్స్‌పెక్టేషన్స్ ఒక్కటి ఉంచుకున్యా, ఆ మట్టి బొమ్మలు చేసే పాప కోసం. స్కూలంతా పిచ్చిదంటాంటే పట్టించుకోకుండా వెల్వెట్ అండర్‌గ్రౌండ్ వాళ్ళని నిలువెత్తున చేసుకుంటా కూర్చునింది చూడు, ఆ యమ్మి నాకు నచ్చె. ఇంతకీ ఆ వెల్వెట్ అండర్‌గ్రౌండ్ ఎవరప్పా, వాళ్ళకన్నా గొంతు ఉందా?


లక్ష్మీ_ఎల్పీ | న్యూజెర్సీ

అయ్యో నాయనా. వాళ్ళ సింగర్ లూ రీడ్ గొంతు వింటే నువ్వు మర్డాక్‌కి గుడి కట్టిస్తావు.